చేలో పురుగుమందు కొట్టిన రోజే బాబుకు తలనొప్పి... చదువులో వెనకబడటానికీ అదే కారణమా?

పేరు, ఊరు వేయొద్దంటూ ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది. ముఖ్యమైన సంగతులు పోకుండా కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 31 ఏళ్లు. పాప ఏడో తరగతి, బాబు రెండో తరగతి. సొంత పొలం కొంత, కౌలు కొంత కలిపి పత్తి వేస్తారు. ఇల్లు చేనును ఆనుకునే ఉంది. సీజన్‌లో వారం పది రోజులకోసారి భర్త చేనుకు పురుగుమందు కొడతాడు, ఎక్కువగా సాయంత్రం పూట. పాప బడి నుంచి రాగానే చేలోకి వెళ్లి మందు చల్లే పంపులోకి నీళ్లు అందిస్తుంది. ఒక్కోసారి డబ్బా మూతతో మందు కొలిచి పోసి, కర్రతో కలిపేది కూడా తనే. చీకటి పడ్డాక తండ్రి తడిసిన చొక్కాతోనే ఇంటికొస్తాడు. బాబు ఎదురు పరిగెత్తి కాళ్లకు చుట్టుకుంటాడు. “ఆ బట్టలు నేనే ఉతుకుతాను, మిగతా వాటితో పాటే” అని మధ్యలో ఒక వాక్యం. కొట్టంలో పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని మందు డబ్బాలు మంచం కింద పెడతారు. ఖాళీ అయినవి కడిగి స్నానాల గదిలో నీళ్లకు వాడుకుంటారు.

పోయిన సీజన్ నుంచి బాబుకు తరచూ తలనొప్పి, కడుపులో తిప్పడం, ఒక్కోసారి వాంతి. మందు కొట్టిన రాత్రి గానీ మర్నాడు గానీ వస్తున్నాయని ఆమెకు అనుమానం. చెప్పింది గుర్తుండటం లేదు, కుదురుగా కూర్చోడు అని టీచరు అంటున్నారట. అత్తగారేమో “పిల్లలన్నాక కడుపునొప్పి రాదా” అంటారు. భర్త మాట వేరు: “పదిహేనేళ్ల నుంచి కొడుతున్నా, నాకేమైంది? అంత విషమైతే గవర్నమెంటు అమ్మనిస్తుందా? కొట్టకపోతే అప్పు నువ్వు తీరుస్తావా?” గొడవ ముదిరి ఇద్దరికీ మాటల్లేవు. పిల్లల్ని తీసుకుని వెళ్లిపోదామంటే పుట్టిల్లూ పత్తి చేల మధ్యే. టౌన్‌లో అక్క ఉంది గానీ వాళ్లది చిన్న ఇల్లు. బాబు మందకొడితనానికి ఈ మందే కారణమా, ఇల్లు వదిలి వెళ్లాలనుకోవడం తప్పా అని అడిగారు. సంతకం పక్కన చిన్న అక్షరాలతో ఇంకో మాట: “నాకిప్పుడు మూడో నెల.”

అమ్మా, ఆ చిన్న అక్షరాల మాటతోనే మొదలుపెడతాను. ఉత్తరమంతా బాబు గురించి, పాప గురించి రాశారు. నా లెక్కలో మీ ఇంట్లో అందరికంటే ముందు కాపాడుకోవాల్సింది ఇంకా పుట్టని బిడ్డను.

పత్తి మీద కొట్టే పాత మందుల్లో ఆర్గానోఫాస్ఫేట్లు అనే రకం ఉంది. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ ఈ కుటుంబానివే. ఇవి పురుగు నరాలను దెబ్బతీసి చంపుతాయి. మనిషి నరాలు పనిచేసే పద్ధతీ అదే కాబట్టి మనకూ హాని చేస్తాయి. తల్లి ఒంట్లోకి వెళ్లినది మాయను దాటి బిడ్డకూ చేరుతుంది. కాలిఫోర్నియాలోని సలీనాస్ లోయలో వ్యవసాయ కూలీల కుటుంబాల్లోని గర్భిణులను 1999 నుంచి చేర్చుకుని, వాళ్ల పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. పిల్లలకు ఏడేళ్లు వచ్చాక వేసిన లెక్క 2011లో బయటికొచ్చింది. గర్భంతో ఉన్నప్పుడు తల్లి మూత్రంలో ఈ మందుల ఆనవాళ్లు అందరికంటే ఎక్కువగా ఉన్న గుంపు పిల్లల ఐక్యూ (తెలివితేటల కొలత), అందరికంటే తక్కువగా ఉన్న గుంపు పిల్లల కంటే సగటున 7 పాయింట్లు తక్కువ. పుట్టాక పిల్లల సొంత మూత్రంలో కనిపించిన ఆనవాళ్లకూ తెలివితేటలకూ మాత్రం అంత స్పష్టమైన లంకె దొరకలేదు. అంటే గర్భంలో ఉన్న కాలమే మరీ సున్నితమైనదని అనుకోవాల్సి వస్తోంది. ఇది గుంపుల సగటు. ఫలానా బిడ్డకు ఫలానా అవుతుందని చెప్పే జోస్యం కాదు. ఇంకా ఆరు నెలలు మీ చేతిలో ఉన్నాయి కాబట్టి ఇది ముందు చెబుతున్నాను.

అందుకే రేపటి నుంచి ఆయన మందు కొట్టిన బట్టలు మీరు ముట్టుకోవద్దు. మీరు చేలో మందు కొట్టకపోవచ్చు, కానీ తడిసిన చొక్కాను నీళ్లలో నానబెట్టి ఉత్త చేతులతో రుద్దుతున్నారు. ఆ మందు మీ చర్మం గుండానే లోపలికి పోతుంది. ఎవరు ఉతకాలి? కొట్టినవారే. కాదు కూడదంటే రబ్బరు తొడుగులు వేసుకుని ఇంకెవరైనా పెద్దవాళ్లు. పాప కాదు. వేరే బకెట్టు, వేరే బట్టల సబ్బు, రెండు మూడు నీళ్లు, ఎండలో ఆరేయడం. ఆ నీళ్లు పిల్లలు ఆడే చోటుకు, బావి వైపు పారకూడదు. ఈసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు మీ ఇంట్లో మందు కొడతారని, డబ్బాలు పడుకునే గదిలో ఉన్నాయని నోరు విప్పి చెప్పండి. అడగకపోతే వాళ్లకు తెలియదు. వీలైతే మీ ఆయన్ను వెంట తీసుకెళ్లండి. భార్య చెబితే గొడవయ్యే మాట, డాక్టరు చెబితే సలహా అవుతుంది.

ఇక బాబు. మీరు ఒకే ప్రశ్నగా అడిగినా ఇందులో రెండు ఉన్నాయి. మందు కొట్టిన రోజు తలనొప్పి, వాంతి ఎందుకు వస్తున్నాయన్నది ఒకటి. చదువులో ఎందుకు వెనకబడ్డాడన్నది ఇంకొకటి. మొదటిదాన్ని తేల్చుకోవచ్చు. రెండోదాన్ని ఏ డాక్టరూ పూర్తిగా తేల్చలేడు.

తలనొప్పి సంగతి తేలాలంటే ఒక పాత నోటుపుస్తకం చాలు. ఏ తేదీన కొట్టారు, ఏ మందు (డబ్బా మీద పేరు చూసి రాయండి), గాలి ఎటు ఉంది, ఆ సాయంత్రం బాబు ఎక్కడున్నాడు, నొప్పి ఎప్పుడు మొదలై ఎప్పుడు తగ్గింది. మందు కొట్టని రోజుల్లో వచ్చినా రాయాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు, అనుమానానికి సరిపోయిన రోజులే గుర్తుంటాయి. ఆ పుస్తకం, మందు డబ్బాల ఫోటోలు తీసుకుని పిల్లల డాక్టరును కలవండి. కోలినెస్టరేజ్ అనే ఎంజైమును కొలిచే రక్తపరీక్ష ఉంది. ఆర్గానోఫాస్ఫేట్లు ఒంట్లోకి వెళితే అది తగ్గుతుంది. అయితే మామూలుగానే మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది కాబట్టి ఒక్క పరీక్షతో పెద్దగా తెలియదు. మందు కొట్టిన ఒకటి రెండు రోజుల్లో ఒకసారి, సీజన్ అయిపోయి రెండు మూడు నెలలు గడిచాక ఇంకోసారి చేయించి పోల్చితేనే అర్థం. పైగా ఈ మధ్య ఎక్కువగా వాడుతున్న పైరెత్రాయిడ్లు, ఇమిడాక్లోప్రిడ్ లాంటి వేరే రకం పురుగుమందులు ఈ పరీక్షకు దొరకవు. రిపోర్టు మామూలుగా వచ్చిందంటే మందు తగల్లేదని కాదు. ఈ సంగతి మీ ఆయనకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఆ కాగితమే మీ మీదికి ఆయుధమవుతుంది.

చదువు విషయానికొస్తే, మెక్సికోలోని యాకీ లోయలో జరిగిన ఒక చిన్న అధ్యయనం ఉంది, 1998లో వచ్చింది. లోయలో మందులు దండిగా కొట్టే సేద్యం. దగ్గర్లోనే కొండ దిగువన మందుల వాడకం దాదాపు లేని పల్లెలు. రెండు చోట్లా ఒకే జాతి జనం. నాలుగైదేళ్ల పిల్లలను చూస్తే ఎత్తులో, బరువులో తేడా లేదు. మనిషి బొమ్మ గీయమంటే కొండ దిగువ పిల్లలు తల, ఒళ్లు, చేతులు, కాళ్లు ఉన్న మనిషిని గీశారు. లోయ పిల్లల కాగితాల మీద చాలావరకు పిచ్చిగీతలే ఉన్నాయి. అరగంట కిందట చెప్పింది గుర్తు పెట్టుకోవడంలో, బంతి పట్టుకోవడంలో కూడా వాళ్లు వెనకబడ్డారు. చూడటానికి బిడ్డ బాగానే ఉన్నాడు కదా అన్న ధీమా చాలదని దీన్నిబట్టి తెలుస్తుంది. కానీ అది పట్టుకుని “మా వాడికీ అదే” అనుకోకండి. కంటిచూపు తగ్గినా, చెవి సరిగా వినపడకపోయినా, రక్తం తక్కువైనా, నులిపురుగులున్నా రెండో తరగతి పిల్లాడు అచ్చం ఇలాగే ఉంటాడు. ఇవి నాలుగూ తేలిగ్గా చూపించుకోగలిగినవి, సరిచేయగలిగినవి. ముందు వాటిని చూపించండి. వాడికి చదువు చెప్పే పద్ధతి మార్చాల్సి ఉంటే టీచరుతో ఇప్పుడే మాట్లాడండి. కారణం తేలేదాకా ఆగితే ఏడాది పోతుంది.

ఇప్పుడు మీ ఆయన మాట. “నాకేమైంది” అన్నది అబద్ధమేమీ కాదు, ఆయన అనుభవం అది. సాయంత్రం తల పట్టేయడం, కళ్లు మసకబారడం, ఒళ్లు నీరసం ఆయనకూ ఉండే ఉంటాయి, అలసట అనుకుని వదిలేసి ఉంటారు. ఒకసారి అడిగి చూడండి. పిల్లల లెక్క వేరు. బరువుతో పోలిస్తే వాళ్లకు చర్మం ఎక్కువ, పీల్చే గాలి ఎక్కువ. నేల మీద ఆడతారు, ఆ చేతులు నోట్లో పెట్టుకుంటారు. ఈ మందులను ఒంట్లో విరిచే ఎంజైము ఒకటుంది, చిన్న పిల్లల్లో అది పెద్దవాళ్లలో ఉన్నంత ఉండదు. ఆయన తట్టుకున్న మోతాదు బాబు తట్టుకోలేకపోవచ్చు.

గవర్నమెంటు అమ్మనిస్తుందా అన్నదానికి జవాబు కేరళలో ఉంది. కాసర్‌గోడ్ జీడిమామిడి తోటల మీద 1970ల చివరి నుంచి 2000 దాకా హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు చల్లారు. అన్నీ అనుమతితోనే. ఆ తోటల కింది పల్లెల్లో వైకల్యాలతో పుట్టిన పిల్లల గురించి ఏళ్ల తరబడి పోరాటం జరిగింది. సుప్రీంకోర్టు దేశమంతటా దాన్ని ఆపింది 2011లో. అప్పటిదాకా అది కొట్లో దొరికిన మందే. డబ్బా మీద రంగు త్రికోణం చూసి ధైర్యపడేవాళ్లూ ఉన్నారు. ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆ రంగులు చెప్పేది ఒక్కసారిగా ఒంట్లోకి పోతే ఎంత ప్రమాదమన్నది మాత్రమే. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి తగిలితే బిడ్డ మెదడుకు ఏమవుతుందో చెప్పేందుకు రంగు లేదు. క్లోర్‌పైరిఫాస్‌ది పసుపు త్రికోణం. పిల్లల మెదడు ఎదుగుదల మీద అనుమానాలతోనే యూరప్ దేశాలు 2020లో దాన్ని ఆపేశాయి.

ఇవన్నీ మీకు తెలియాలని రాశాను, ఆయనతో వాదించడానికి కాదు. “మందే కారణం, ఒప్పుకో” అంటే తన చేతులతో కొడుకును పాడుచేశానని ఆయన ఒప్పుకోవాలి. ఏ తండ్రి ఒప్పుకుంటాడు? అది తేలకపోయినా చేయాల్సిన పనులు ఒకటే కాబట్టి ఆ వాదన పక్కన పెట్టేయండి.

మీ ముందు నాకు కనిపిస్తున్న దారులు మూడు.

గొడవ లేకుండా ఈ వారమే మొదలుపెట్టగలిగింది, చేనుకూ ఇంటికీ మధ్య గీత గీయడం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో తోటల్లో పనిచేసేవాళ్ల ఇళ్ల దుమ్ములో, వాళ్లు నడిపే కార్ల దుమ్ములో కూడా మందులు దొరికాయి. చేలో ఎండకూ వానకూ విరిగిపోయే మందు ఇంట్లో మూలన చాలాకాలం నిలుస్తుంది. కాబట్టి ఆయన గడప దాటకముందే బయట సబ్బుతో స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి, చెప్పులు బయటే వదలాలి. బాబు కాళ్లకు చుట్టుకునేది ఆ తర్వాతే. స్నానానికి నీళ్లు, పొడిబట్టలు ముందే బయట పెట్టి ఉంచితే ఆయన కాదనరు. ఆ వేళకు బాబును లోపల ఉంచే పని అత్తగారికి అప్పగించండి. ఆమెను ఒప్పించక్కర్లేదు, పని ఇస్తే చాలు. మందు బడి వేళల్లో కొట్టగలిగితే పిల్లలిద్దరూ ఇంటి దగ్గర ఉండరు. ఇది ఒక్కటి మారినా సగం దిగులు తీరుతుంది. గాలి ఇంటి వైపు వీచే రోజు ఆపడం, ఇంటి పక్క నాలుగు సాళ్లు కొట్టకుండా వదలడం కూడా అడగండి. ఆ సాళ్లలో దిగుబడి కొంత పోతుంది, దాపరికం లేకుండా చెప్పండి.

డబ్బాలు మంచం కింద నుంచి ఈ రోజే తీసేయండి. దొంగల భయం నిజమే అయితే తాళం పడే పెట్టె కొని ఇంటి బయట ఎత్తులో పెట్టండి. ఖాళీ డబ్బాల విషయంలో మాత్రం బేరం లేదు. 2013 జులైలో బిహార్‌లోని ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఖాళీ మందు డబ్బాలో పోశారని అప్పట్లో అధికారులు అనుమానించిన వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని తేలింది. ఎంత కడిగినా ఆ ప్లాస్టిక్ మందును వదలదు. మందు అయిపోగానే మూడుసార్లు కడిగి ఆ నీళ్లు పంపులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడిచేయాలి. కాల్చకూడదు, పొగ కూడా విషమే.

పాప నీళ్లు అందించడం ఆగాలి, మందు కలపడం అంతకంటే ముందు ఆగాలి. పంపులోది నీళ్లు కలిసిన మందు. డబ్బాలోది చిక్కటి మందు. మూతతో కొలిచేటప్పుడు చేతి మీద పడే ఒక్క బొట్టు, పంపు నుంచి పడే తుంపర కంటే ఎన్నో రెట్లు గట్టిది. 12 ఏళ్ల పిల్ల చేయాల్సిన పని కాదది. గట్టు మీద ఒక డ్రమ్ము పెట్టి ముందురోజే నీళ్లు నింపుకుంటే మనిషి అక్కర్లేదు. ఆయనతో మాటలు కలిపేటప్పుడు బాబుతో మొదలుపెట్టకండి, పాపతో మొదలుపెట్టండి. బాబు విషయంలో తప్పొప్పులు ఉన్నాయి, పాప విషయంలో ఒక డ్రమ్ము ఖర్చు తప్ప ఏమీ లేదు.

రెండో దారి మందు కొట్టడమే తగ్గించడం. ఇది మీ చేతిలో కంటే ఆయన చేతిలో ఎక్కువ, నిజానికి ఆయన చేతిలో కంటే అప్పు మీద మందు ఇచ్చే డీలరు చేతిలో ఎక్కువ. ఏం కొట్టాలో, దేంతో ఏం కలిపి కొట్టాలో అమ్మేవాడే చెబుతుంటే తగ్గించమని ఎందుకంటాడు? వారం తిరిగింది కదా అని కొట్టకుండా, చేనంతా తిరిగి పురుగు లెక్క చూసి, అవసరమైతేనే కొట్టమని వ్యవసాయాధికారులే చెబుతారు. గులాబీ రంగు పురుగుకు లింగాకర్షక బుట్టలు (మగ పురుగులను వాసనతో రప్పించి పట్టేవి), తెల్లదోమకు పసుపు రంగు జిగురు అట్టలు, తొలి దశలో వేపగింజల కషాయం. వచ్చే సీజన్‌లో ఇంటి పక్క ఒక్క ఎకరంలో చేసి చూద్దామని అడగండి. మొదటి ఏడాది దిగుబడి తగ్గవచ్చు, పని పెరుగుతుంది, పక్క చేలలో అందరూ కొడుతుంటే పురుగు మీ మీదికి వస్తుంది. అప్పున్న ఇంట్లో పొలమంతా ఒకేసారి మార్చమనడం సలహా అనిపించుకోదు.

మూడోది మీరు అడిగిన దారి, వెళ్లిపోవడం. తప్పేమీ కాదు. కానీ పుట్టిల్లూ పత్తి చేల మధ్యే అన్నారు. అక్కడికి వెళితే మొగుడి మీద కోపం తీరుతుంది గానీ గాలి మారదు. అక్క ఇల్లు మేలు, సీజన్ అంతా కాకపోయినా కొట్టే రెండు మూడు రోజులకైనా. పిల్లల బడి పోతుంది, అక్క ఇంట్లో ఇబ్బంది ఉంటుంది, తిరిగొచ్చేసరికి ఇల్లు అదే ఇల్లయితే దుమ్ములోని మందు మీకోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. ఇంకో సంగతి, ఆయన ఒంటరిగా మందు కొట్టి చేలో కళ్లు తిరిగి పడితే చూసేవాళ్లుండరు. అందుకని నేనైతే దీన్ని బెదిరింపుగా వాడను. డబ్బాలు మంచం కిందే ఉంటాయి, పాప కలపాల్సిందే అని ఆయన మొండికేస్తే మాత్రం, ఈ ఆరు నెలలు అక్క దగ్గర ఉండటమే సబబని నా అభిప్రాయం. అప్పుడు “అలిగి వెళుతున్నా” అనకండి. “కాన్పు అయ్యేదాకా మందు తగలకూడదని డాక్టరు చెప్పారు” అని చెప్పి వెళ్లండి, తిరిగి రావడానికి అందరికీ గౌరవంగా ఉంటుంది.

ఏ దారి ఎంచుకున్నా ఈ గుర్తులు ఇంట్లో అందరికీ తెలియాలి, పాపకు కూడా. నోటి వెంట చొంగ, ఒళ్లంతా చెమట, కంటిపాప సూదిమొనంత చిన్నదవడం, వాంతి, విరేచనాలు, కండరాలు అదరడం, ఆయాసం. పిల్లల్లో ఇవేవీ లేకుండానే మగతగా పడిపోవడం, ఒళ్లు వేలాడిపోవడం, ఫిట్స్ రావచ్చు. వెంటనే బట్టలు విప్పి సబ్బుతో కడిగి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. కడిగేవాళ్లు చేతులకు తొడుగులో, ప్లాస్టిక్ సంచులో వేసుకోవాలి. మీరు దూరంగా ఉండి ఇంకొకరితో చేయించండి. మందు మింగినా సరే వాంతి చేయించకండి, మందులోని ద్రావకం ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. ఏ డబ్బా అయితే ఆ డబ్బా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులకు అట్రోపిన్ అనే విరుగుడు ఇంజెక్షన్ ఉంది, ఎంత త్వరగా పడితే అంత మంచిది. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విషాల సమాచార కేంద్రం ఉచిత నంబరు 1800 116 117. దాన్ని మీ ఫోన్‌లోనూ, మీ ఆయన ఫోన్‌లోనూ ఎక్కించి పెట్టుకోండి.